ఒక కన్ను కాపలా

రిజిస్టర్లో వాడు యశ్వంత్.
ఇంట్లో అసిరి.
వయసు గడిలో నాలుగున్నర అని నేనే రాశాను.
బరువు గడిలో పోయిన నెలా ఈ నెలా
ఒకటే అంకె.

మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు అయ్యాక
పదకొండు మంది చాపల మీద ఒరిగిపోతారు.
వీడు గోడకి వీపు ఆనించి
అరచేత్తో ఒక కన్ను మూసుకుంటాడు.
కాసేపయ్యాక చెయ్యి మార్చి రెండోది.
"ఏట్రా అది?" అంటే
"దీనికి నిద్దరొస్తంది టీచర్,
ఇది కాపలా కాస్తంది" అన్నాడు.

తెల్లారగట్ల కాశీబుగ్గ పిక్కల ఫ్యాక్టరీకెళ్లే ఆటో.
తొమ్మిది మంది ఆడోళ్లు, తొమ్మిది క్యారేజీలు,
అమ్మ ఒళ్లో వీడు.
ఆ రోజు నాయనమ్మకి జ్వరం, అందుకని వెంటబెట్టుకెళ్లింది.
రైలు గేటు దాటాక మంచు.
కల్వర్టు.
పేపర్లో నాలుగు లైన్లు వచ్చింది,
మండలం పేరు తప్పు వేశారు.

పెద్దవాళ్ల లెక్క ఒకటి:
మంచు, బ్రేకు, ఎదురు లారీ లైటు.
వాడి లెక్క వేరే.
ఎన్నాళ్లకో, గుడ్డు పెంకు ఒలుస్తూ,
నాకు కాదు, గుడ్డుకి చెప్పినట్టు చెప్పాడు:
"నాను కళ్లు మూసీనాను.
మూసీగానే పడిపోనాది."

ఎంత చిన్న రెప్ప.
ఎంత ఆటోని తిరగేసింది.

నాయనమ్మ వాడి మెళ్లో తాయెత్తు కట్టించింది,
ఎండుమిరపకాయలు దిగదీసి పొయ్యిలో వేసింది,
ఘాటు రాలేదని ఏడ్చింది.
"గుర్తు సెయ్యకమ్మా, మర్సిపోతాడు.
పసిగుంటడు, ఆడికేటి తెలుసు" అంది నాతో.
వాడు ఆ పక్కనే కూర్చుని
నా చెప్పులోకి జీడిపిక్కలు ఎక్కిస్తున్నాడు.

చెప్పు ఆటో.
ముందు పిక్క నీలకంఠం మావ,
వీడిని హారను నొక్కనిచ్చేవాడు.
వెనక తొమ్మిది.
మధ్యలో ఒక చింతగింజ, అది తను.
బుర్రుమని గడప దాకా తీసుకెళ్తాడు.
తిరగేస్తాడు.
ఏరుతాడు.
మళ్లీ ఎక్కిస్తాడు.
ఇరవై సార్లు, ముప్పై, నేను లెక్క మానేశాను.
ఒకరోజు ఆపుదామని చెప్పు లాక్కున్నాను.
అరవలేదు, ఏడవలేదు.
నిక్కరు తడిసింది.
చెప్పు ఇచ్చేశాను.
ఆ రోజు ఒంటికాలి చెప్పుతో ఇంటికెళ్లాను,
మూడింటి ఎండకి రోడ్డు కాలింది.

ట్రైనింగులో మాకిది చెప్పలేదు.
బాలామృతం ఎలా కలపాలో చెప్పారు.

"నీలకంఠం మావ ఎన్ని రోజులు సచ్చిపోతాడు టీచర్?"
వేళ్లు చాపి పెట్టుకున్నాడు, లెక్కకి సిద్ధంగా.
"అన్ని రోజులూ" అన్నాను.
వేళ్ల వంక చూసుకున్నాడు.
ఒక్కొక్కటే ముడిచి
పిడికిలి జేబులో దాచుకున్నాడు.

మర్నాడు ఆటోలో ముందు పిక్క లేదు.
మరి బండి ఎవరు తోల్తారంటే
"ఎవులూ నేరు. తోసుకెల్తన్నారు" అన్నాడు.
తొమ్మిది మంది దిగి తోస్తున్నారు,
చింతగింజ ఒక్కటే లోపల.
గడప దగ్గర తిరగబడింది, అప్పుడూ.

అమ్మ శ్రీకాకుళం ఆసుపత్రిలో, కాలికి ఇనప కమ్మీలతో.
ఫోన్లో చూపిస్తే ముఖం చూడలేదు.
"కాలు సూపించు" అన్నాడు.
చాలాసేపు చూసి
"నట్లు బిగించినారా?" అని అడిగాడు.
ఆవిడ నవ్వబోయి ఆగి, ఒక్కో నట్టూ ముట్టుకుని చూపించింది,
రెండు నెలలకి జీడి నలుపు వదులుతున్న వేళ్లతో.

నిన్న గాలి లేదు, ఉక్క.
నా చాప దగ్గరికి జరిగి
"నువ్ సూస్తావా?" అన్నాడు.
ఏం చూడాలో చెప్పలేదు.
తలుపు, గడప, రోడ్డు, పైన ఫ్యాను,
అన్నీ కాబోలు.
చూస్తాన్రా అన్నాను.
రెండు చేతులూ కిందికి దించాడు.

నలభై నిమిషాలు.
గుడ్ల లెక్క రాయాలి, సూపర్‌వైజరమ్మ వస్తుంది,
కళ్లు మండుతున్నాయి,
పిచ్చిదానిలా రెప్ప బిగబట్టి కూర్చున్నాను.
లేవగానే అదే అడిగాడు:
"రెప్పేసీనావా?"

వేశాను. ఎన్నిసార్లో.
చెప్పేశాను.

వాడు తలుపు చూశాడు, ఫ్యాను చూశాడు,
చాపల మీద ఇంకా నిద్రలో ఉన్న పదకొండు మందిని
ఒక్కొక్కరినే చూశాడు.

"సరే" అన్నాడు,
నమ్మినట్టు కాదు,
రేపు మళ్లీ చూద్దాం అన్నట్టు.